విజిల్ ఊదని శనివారాలు

నేను వ్యాయామ విద్యా కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. డిగ్రీ అయిపోయి, బడుల్లో పీఈటీలు కావాలనుకునే పిల్లలు మా దగ్గరికి వచ్చేవారు. సగం మంది కొత్తగూడెం చుట్టూ ఉన్న బొగ్గు గనుల క్వార్టర్ల నుంచి, సగం మంది భద్రాచలం వైపు అడవి ఊళ్ళ నుంచి. రెండేళ్ళుండి వెళ్ళిపోయేవారు. ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి పోయిన నెల మా ఇంటికొచ్చి, "మేడం, గ్రౌండ్‌ల మొదటి రోజు ఏం చెయ్యాలె?" అని అడిగింది. చాయ్ తాగేంతలో చెప్పగలిగేది కాదనిపించి రాయడం మొదలుపెట్టాను.

నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటితో ఎవరికీ పని లేదు. నేను చేసిన కొన్ని తప్పులు, వాటి నుంచి నన్ను బయటపడేసిన ఇద్దరు పిల్లలు ఉంటారు.

పొద్దున ఐదున్నర

చేరిన కొత్తలోనే నాకు మంచి పేరు వచ్చింది. ఐదున్నరకు నా విజిల్ మోగితే హాస్టల్లో ఒక్కరు కూడా మంచం మీద ఉండేవారు కాదు. ఆలస్యంగా వస్తే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు ఎక్కువ. నేను పరుగెత్తమంటే పరుగెత్తేవారు, ఆగమంటే ఆగేవారు, నీళ్ళు తాగమంటే తాగేవారు. వేరే కాలేజీల వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని.

దసరా సెలవుల తర్వాత మాత్రం ఏటా ఒకటే తంతు. ఇంటికెళ్ళిన పిల్లలు ఒళ్ళు చేసి తిరిగొచ్చేవారు. పన్నెండు నిమిషాల పరుగు పెడితే సగంలోనే రొప్పేవారు. "ఇంటికాడ ఏం చేసిన్రు?" అని అడిగితే తలలు దించుకునేవారు. నేను తిట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఇళ్ళకు వెళ్ళగానే అలవాట్లన్నీ ఎందుకు ఆగిపోతున్నాయని అన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

పరీక్షలో "ఆరోగ్యకరమైన అలవాట్లు వివరించుము" అని ఇస్తే అందరూ నాలుగు పేజీలు నింపేవారు. ఎంత నిద్ర కావాలి, ఎన్ని నీళ్ళు తాగాలి, పొగాకుతో ఏ రోగాలొస్తాయి, అన్నీ కంఠతా వచ్చు. అలా రాసినవాళ్ళలో కొందరు హాలు బయటికి వచ్చి గోడ పక్కన ఖైనీ నలిపేవారు.

వాళ్ళ సంగతెందుకు, నేను తక్కువా? నలభై ఆరో ఏట నాకు షుగర్ ఉందని తేలింది. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. వ్యాయామం నేర్పే మనిషికి షుగరేంటని నవ్వుతారని సిగ్గు.

సమ్మక్క

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు వచ్చిన బ్యాచ్‌లో సమ్మక్క అనే అమ్మాయి ఉండేది. పర్ణశాల దారిలో బస్సు దిగి, అడవిలోకి చాలా దూరం నడిస్తే వచ్చే కోయ గూడెం వాళ్ళది. సన్నగా, పొడుగ్గా ఉండేది. పదిహేను వందల మీటర్లు పరుగెత్తేది. ఏం చెప్పినా "అవ్ మేడం" తప్ప ఇంకో మాట లేదు. ఇలాంటి పిల్లలంటే నాలాంటివాళ్ళకు ప్రాణం.

డిసెంబరులో ఆమె వెనకబడడం మొదలైంది. ఎప్పుడూ ముందుండే పిల్ల మధ్యలోకి వచ్చింది, తర్వాత చివరికి పోయింది. "హాస్టల్ల పడి తిని బద్ధకం పట్టింది నీకు" అని అందరి ముందూ అన్నాను. మర్నాడు ఆమె ఎవరూ చెప్పకుండానే రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తింది. అది చూసి నా మాట పనిచేసిందనుకున్నాను.

మూడో రోజు నాలుగో రౌండులో, మలుపు దగ్గర, కాళ్ళు మడతపడి కూలిపోయింది. నేను వెళ్ళేసరికి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కనురెప్ప కిందికి లాగి చూసి రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, ఈ అమ్మాయికి రక్తం ఏడే ఉంది. దీంతోని మెట్లెక్కుడే కష్టం. మీరు రోజూ ఉరికిస్తున్నరా?"

నెలసరి బాగా ఎక్కువవుతోందని, పొద్దున ఎనిమిదిన్నరకు హాస్టల్ టిఫిన్ పెట్టేదాకా ఖాళీ కడుపుతోనే పరుగెత్తుతోందని, మూడు వారాలుగా కళ్ళు తిరుగుతున్నాయని ఆ డాక్టరు పది నిమిషాల్లో రాబట్టింది. రోజూ రెండు పూటలా ఆ పిల్లను చూసే నాకు ఇందులో ఒక్క ముక్క కూడా తెలియదు.

సాయంత్రానికి వాళ్ళమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. కూతురి మంచం మీద కూర్చుని కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి తెలుగులో మెల్లగా అడిగింది.

"పానం బాగలేదని మీకు చెప్పలేదా మేడం?"

"చెప్పలేదమ్మా."

"నాకు గూడ చెప్పదు. చిన్నప్పటి సంది హాస్టళ్ళల్లనే పెరిగింది. గంట కొడితే లేస్తది, గంట కొడితే తింటది, గంట కొడితే పంటది. మస్తు బుద్ధిమంతురాలు అని సార్లు అంటే నేను సంబురపడ్డ." కూతురి వైపు చూసి, "ఇప్పుడు చూస్తే, ఆకలైతుందో లేదో గూడ దానికి ఇంకొకలు చెప్పాలె," అంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పిల్లకు ఇన్నేళ్ళూ మోగిన గంటల్లో చివరిది నా మెడలోని విజిల్.

ఆరు నోట్‌బుక్కులు, ఒకటే చేతిరాత

సమ్మక్క నెల రోజులు ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆ నెలలోనే నేను క్లాసులో ఒక మాట చెప్పాను. "ఇక నుంచి శనివారం నేను విజిల్ ఊదను. ఏం చెయ్యాలె, ఎంత చెయ్యాలె, అసలు చెయ్యాల్నా వద్దా అనేది మీరే అనుకోండి. చేసినంక ఒళ్ళు ఎట్లున్నదో మీరే చూసుకోండి." తలా ఒక నోట్‌బుక్ తెచ్చుకోమన్నాను. పొద్దున లేవగానే ఎంత నిద్రపోయారో, ఏం తిన్నారో, నాడి ఎంత కొట్టుకుంటోందో, ఆ రోజు ఏం చేద్దామనుకుంటున్నారో రాసుకోవాలి. సాయంత్రం ఒక్క వాక్యం చాలు: అనుకున్నది జరిగిందా, జరగకపోతే రేపు ఏం మారుస్తారు.

మొదటి శనివారం సగం మంది నిద్రలేవలేదు. కొందరు వాలీబాల్ ఆడారు. మిగిలినవాళ్ళు గ్రౌండ్ అంచున వరసగా నిలబడి నా వైపే చూస్తున్నారు.

"మేడం, ఇప్పుడు ఏం చెయ్యాలె?" అని ఒకమ్మాయి అడిగింది.

పక్కనున్న అబ్బాయి, "అరె, మేడం అదే మనల్ని అడుగుతున్నది," అన్నాడు.

మా ప్రిన్సిపాల్ గది కిటికీలోంచి గ్రౌండ్ మొత్తం కనిపిస్తుంది. నన్ను పిలిపించాడు. "మేడం, పిల్లలు నిలబడి ముచ్చట్లు పెడుతున్నరు. ఎవలన్న వచ్చి చూస్తే నేనేం చెప్పాలె?"

"నేర్చుకుంటున్నరని చెప్పండి సార్."

"ఏం నేర్చుకుంటున్నరు?"

ఆయన చెడ్డవాడు కాదు. తనకు తెలిసిన మందే చెప్పాడు. "ఆ నోట్‌బుక్కులకు పది మార్కులు పెట్టండి. చక్కగ రాస్తరు." నేను సరేనన్నాను. అది నా రెండో తప్పు.

రెండు వారాల తర్వాత నోట్‌బుక్కులు చూస్తే ముచ్చటేసింది. అందరికీ ఎనిమిది గంటల నిద్ర, నాలుగు లీటర్ల నీళ్ళు, "శరీరం ఉత్సాహంగా ఉన్నది." అందులో ఆరు నోట్‌బుక్కులు ఒకటే చేతిరాతలో ఉన్నాయి. అది రవీందర్‌ది. కొత్తగూడెంలో గని కార్మికుడి కొడుకు. వాలీబాల్ బాగా ఆడేవాడు, మాటలు అంతకంటే బాగా చెప్పేవాడు.

"రవీందర్, ఇవన్నీ నువ్వే రాసినవా?"

"ఆరే మేడం. మిగతావి వాళ్ళే రాసుకున్నరు."

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వాగలేదు. "ఎందుకు రాసినవ్?"

"మార్కులున్నయ్ గద మేడం. మార్కులుంటే నిజం ఎవలు రాస్తరు?"

ఆ రోజే మార్కులు తీసేశాను. ఇక ఎవరి నోట్‌బుక్కూ తెరవనని, కావాలంటే వాళ్ళే వచ్చి చూపించవచ్చని చెప్పాను. నేనూ ఒకటి రాస్తున్నానని గొప్పగా అన్నాను. ప్రిన్సిపాల్‌కు చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీ ఇష్టం. పనిచెయ్యకపోతే మళ్ళ పాత పద్ధతే," అన్నాడు. నచ్చకపోయినా ఆపలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

నా పేజీ

ఒక శుక్రవారం బస్టాండులో నిలబడి, చక్కెర దండిగా వేసిన చాయ్‌తో మిర్చి బజ్జీలు తింటున్నాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"మేడం, ఇది నోట్‌బుక్కుల రాస్తరా?"

రవీందర్. నాకు కోపం తన్నుకొచ్చింది. "నీ పని నువ్వు చూసుకో," అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. బస్సెక్కి కూర్చున్నాక సంచిలోంచి నా నోట్‌బుక్ తీసి చూసుకున్నాను. వాడు ఆరుగురికి రాసిపెట్టిన దానికంటే నాది పెద్ద అబద్ధం. షుగర్ అనే మాటే అందులో ఎక్కడా లేదు.

ఆ బస్సులోనే కొత్త పేజీ రాశాను. సోమవారం క్లాసులో నిలబడి చదివాను. నాకు షుగర్ ఉంది. నాలుగు నెలలుగా పరీక్ష చేయించుకోలేదు. గోలీలు గుర్తొచ్చినప్పుడే వేసుకుంటున్నాను. రోజుకు నాలుగు చాయ్‌లు, అన్నింట్లో చక్కెర. మీకు నడవమని చెప్పి నేను ఆటోలో ఇంటికి వెళ్తున్నాను.

ఎవరూ నవ్వలేదు. అప్పటికి సమ్మక్క తిరిగొచ్చి వారమైంది. వెనక బెంచీలోంచి ఆమె గొంతు వినిపించింది. ఎవరూ అడగకుండా ఆమె క్లాసులో మాట్లాడడం అదే మొదటిసారి.

"పరీక్షకు ఎందుకు పోతలేరు మేడం?"

"భయం బిడ్డా. ఇదే రోగంతోని మా అమ్మకు కాలు తీసేసిన్రు. నాకు గూడ ఏం చెప్తరోనని."

"బుధవారం నాది గూడ రక్తం పరీక్ష ఉన్నది. కలిసి పోదం మేడం."

బుధవారం ఇద్దరం దవాఖానలో బల్ల మీద పక్కపక్కన, మోచేతి దగ్గర దూది అదుముకుని కూర్చున్నాం. ఆమె రక్తం పదికి పెరిగింది. నా షుగర్ చెప్పడానికి సిగ్గుపడేంత పెరిగింది. "ఇద్దరికీ పెరిగింది మేడం," అని ఆమె అంటే ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. నర్సు వచ్చి గద్దించింది.

మొదటి రోజు ఏం చెయ్యాలని అడిగిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇదే. ముందు మీ పేజీ మీరు నిజంగా రాసుకోండి. పిల్లలకు చదివి వినిపించే ధైర్యం వచ్చాక వాళ్ళను రాయమనండి.

రవీందర్ జేబు

ఆ తర్వాత వారానికి రవీందర్ స్టాఫ్ రూమ్‌కు వచ్చి ఖైనీ పొట్లం నా బల్ల మీద పెట్టాడు.

"ఇంటర్ నుంచి వేస్తున్న మేడం. మానుడు అయితలేదు."

గనిలోకి దిగినప్పుడు బీడీ ముట్టించకూడదు. అందుకని వాళ్ళ నాన్న ఖైనీకి అలవాటుపడ్డాడట. ఉతకడానికి వేసిన నాన్న చొక్కా జేబులోంచి కొడుక్కి వచ్చింది. పాత రోజుల్లో అయితే పొట్లం కిటికీలోంచి విసిరేసి, నోటి క్యాన్సర్ గురించి అరగంట చెప్పేదాన్ని. వాడికది నాకంటే బాగా తెలుసు, పరీక్షలో రాశాడు కూడా. అందుకని పొట్లం వాడికే తిరిగిచ్చాను.

"ఒక వారం మానకు. ఎప్పుడెప్పుడు వేస్తున్నవో రాసుకో, చాలు."

వారం తర్వాత వచ్చాడు. అన్నం తిన్నాక. చదవడానికి కూర్చున్నప్పుడు. నాన్నతో ఫోన్లో మాట్లాడేటప్పుడు.

"నాన్నతోని మాట్లాడేటప్పుడు ఎందుకు?"

"నౌకరీ ఎప్పుడొస్తదని అడుగుతడు మేడం. ఏం చెప్పాల్నో తెల్వది."

మిగతా ఉపాయమంతా వాడిదే. తిన్నాక సోంపు నమిలేవాడు. చదువుకు ఖైనీ ముట్టని స్నేహితుడి గదికి వెళ్ళేవాడు. నాన్నతో మాత్రం గ్రౌండ్ చుట్టూ నడుస్తూ మాట్లాడేవాడు. మొదటిసారి పన్నెండు రోజులు ఆగి మళ్ళీ వేశాడు. రెండోసారి నెల దాటింది, పరీక్షలప్పుడు మళ్ళీ వేశాడు. తప్పినప్పుడల్లా ఎందుకు తప్పిందో రాసుకుని, ఏదో ఒకటి మార్చుకున్నాడు. మూడోసారి నిలబడింది. "మంచిగున్న రోజుల పేజీలకంటె తప్పిన రోజులయే ఎక్కువ పనికొచ్చినయ్ మేడం," అన్నాడు ఒకసారి. ఈ మాట నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

"రేపు నేను ఉరకను"

మార్చిలో కాలేజీల మధ్య పోటీలు వచ్చాయి. సమ్మక్క కోలుకుంది. గోలీలు వేసుకుంటోంది, పొద్దున గ్రౌండ్‌కు వచ్చే ముందు గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క తింటోంది. పరుగు మునుపటికంటే బాగుంది. మా కాలేజీకి చాలా ఏళ్ళుగా ఆ పరుగులో పతకం లేదు. ప్రిన్సిపాల్ రోజూ ఆమె గురించి అడిగేవాడు. నాకూ ఆశగానే ఉంది.

పోటీకి ముందు రోజు సాయంత్రం ఆమె నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది.

"మేడం, రేపు నేను ఉరకను."

ఇన్ని మాటలు రాసిన నేను అప్పుడేమన్నానో కూడా రాయాలి. "ఒక్క రోజే గద బిడ్డా. ఎట్లనో ఓర్చుకో," అన్నాను.

పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "పొద్దున నాడి ఎప్పుడు అరవై రెండు, అరవై నాలుగు ఉంటది మేడం. మూడు రోజుల సంది ఎనభై దాటుతున్నది. నిద్ర పడుతలేదు. నిన్న నెలసరి మొదలైంది, మస్తు అయితున్నది. డిసెంబర్ల గూడ గిట్లనే ఉండె, అప్పుడు నాకు తెల్వక ఉరికిన." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "మీరు ఉరకమంటే ఉరుకుత. నన్ను అడిగితే మాత్రం వద్దంటున్న."

నేను ఆ పేజీలోని అంకెలన్నీ ఒక్కొక్కటిగా చదివాను. పతకం సంగతి మనసులోంచి పోలేదు. అయినా నోట్‌బుక్ మూసి ఆమె చేతికిచ్చాను.

"నిన్నే అడుగుతున్న. వద్దంటున్నవ్ గద, వద్దు. రేపు దవాఖానకు పోదం."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కోపమొచ్చిందా మేడం?"

"లేదు," అన్నాను. కొంచెం వచ్చింది. ఆమె మీద కాదు.

పతకం వేరే కాలేజీకి పోయింది. "మీ శనివారాల ఫలితం గిదేనా?" అన్నాడు ప్రిన్సిపాల్. అవునన్నాను. మర్నాటి నుంచి రెండు వారాలు ఆయన నాతో పొడిపొడిగా మాట్లాడాడు. మరుసటి ఏడాది సమ్మక్క పరుగెత్తింది, నాలుగో స్థానంలో వచ్చింది. ఆమె ఉరకనన్న సంగతి ఏ రికార్డులోనూ లేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే మాత్రం, ఆ సాయంత్రం నోట్‌బుక్ మూసి ఇవ్వడమేనని చెప్తాను. కొత్తగా వచ్చేవాళ్ళు నమ్మకపోవచ్చు. పిల్ల మనకు ఎదురు చెప్పగలిగిన రోజే మనం నేర్పింది ఆమెదవుతుంది.

గోదావరి వచ్చినప్పుడు

ఇప్పుడు సమ్మక్క ఒక ఆశ్రమ పాఠశాలలో పీఈటీ. రవీందర్ సత్తుపల్లి వైపు ఒక బడిలో చేస్తున్నాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ ఖైనీ మొదలుపెట్టి, తనే ఫోన్ చేసి చెప్పి, తనే మానాడు. వాళ్ళ గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం కాలేజీలో వాళ్ళ రెండో ఏడాది వానాకాలం.

ఆ ఏడు గోదావరి పెద్దగా వచ్చింది. భద్రాచలంలో పల్లపు వాడల జనాన్ని బడుల్లోకి తరలించారు. సాయానికి మా పిల్లలు పద్దెనిమిది మంది వెళ్ళారు. నేను తర్వాతి బస్సులో వెళ్దామనుకునేసరికి రోడ్డు మునిగి బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులు ఇంట్లో కాలు నిలవలేదు. ఎవరు ఏం చెయ్యాలో పేర్లతో సహా కాగితం మీద రాసుకున్నాను. మూడో రోజు బస్సు కదలగానే ఆ కాగితంతో వెళ్ళాను.

మా పిల్లలున్న బడి వరండాలో అడుగుపెట్టగానే కనిపించాడు, పట్టపగలు పదకొండు గంటలకు బల్ల మీద ముసుగుతన్ని పడుకున్న రవీందర్. నాకు ఒళ్ళు మండింది. భుజం పట్టి లేపబోయాను.

"లేపకుండ్రి మేడం." సమ్మక్క బకెట్టు కింద పెట్టి గబగబా వచ్చింది. "తెల్లారగట్ల నాలుగింటి సంది నీళ్ళ ట్యాంకర్ల కాడ ఉన్నడు. రెండింటి దాక పండాలె. మేమే పెట్టుకున్నం."

నల్లబల్ల మీద సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. ఎవరు ఎప్పుడు పని, ఎవరు ఎప్పుడు నిద్ర, ఎవరు ఎప్పుడు తినాలి. పిల్లలకు నీళ్ళు మరిగించే వంతు ఎవరిది, విరేచనాలవుతున్న వాళ్ళను ఎవరు చూసుకోవాలి.

"ఇది ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలె మేడం. మొదటి రోజు అందరం ఒకటేసారి పనిజేసి ఒకటేసారి పడిపోయినం. సాయంత్రం కూసొని ఏడ తప్పయిందో మాట్లాడుకున్నం. తెల్లారి మార్చుకున్నం. మీరు కూసోండ్రి, ఉప్మా తెస్త."

నా కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. గోడ వారన చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను కిందా మీదా చూసింది.

"నువ్వు గూడ నీళ్ళల్ల మునిగి వచ్చినవా బిడ్డా?"

"లేదవ్వా. నేను ఈ పిల్లల టీచర్ను."

"గట్లనా!" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "వీళ్ళకు టీచర్ గూడ ఉన్నదా?"

అంటూనే పక్కకు జరిగి చాప మీద నాకు చోటిచ్చింది. ఆ మధ్యాహ్నమంతా నేను అక్కడే కూర్చున్నాను. నాతో ఎవరికీ పని పడలేదు.